వైన్ కిట్‌తో తొలి బ్యాచ్: విశాఖ ఉక్కపోతకి తగ్గట్టు

వైన్ కిట్ పెట్టెలో వచ్చే చిన్న పుస్తకం చలి దేశాల్లో, ఇంటి అడుగున చల్లటి గది ఉన్నవాళ్ల కోసం రాసినది. రసం 20 నుంచి 24 డిగ్రీల మధ్య పులియాలని అందులో ఉంటుంది. విశాఖలో ఆ చల్లదనం దానంతటది దొరికేది డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే. మే నెలలో ఫ్లాట్‌లో వంటింటి గట్టు మీద థర్మామీటర్ పెట్టి చూడండి, రాత్రి పదకొండింటికి కూడా 31 దగ్గరే నిలబడి ఉంటుంది. కిట్‌వాళ్లు రసం కొలిచి ఇస్తారు, ఈస్ట్ తూచి ఇస్తారు, మిగతా పొడులన్నీ పొట్లాలు కట్టి ఇస్తారు. చల్లదనం మాత్రం మనమే తెచ్చుకోవాలి. అందుకే ఈ టపాలో దాని గురించే ఎక్కువ ఉంటుంది.

దానికంటే ముందు చట్టం సంగతి. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. సారా ఒక్కటే కాదు, వైన్ కూడా అందులోకే వస్తుంది. క్రిస్మస్‌కి ద్రాక్ష వైన్ పెట్టే అలవాటు ఊళ్లో చాలా ఇళ్లలో ఉన్నంత మాత్రాన చట్టం మారదు. ఇక్కడ ఉన్నవాళ్లు ఎక్సైజ్ ఆఫీసులో అనుమతి సంగతి తేల్చుకున్నాకే పెట్టె విప్పండి. ఇక్కణ్ణుంచి వెళ్లి అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్లకి ఈ చిక్కు లేదు. సొంతానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. అమెరికా ఫెడరల్ చట్టంలో కొలత కూడా ఉంది: ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు అంతకంటే ఎక్కువ ఉంటే 200. హ్యూస్టన్‌లోనో బ్రిస్బేన్‌లోనో ఎండాకాలం గడిపేవాళ్లకి ఇక్కడి ఉక్కపోత లెక్కలు అలాగే పనికొస్తాయి.

కిట్ అంటే ఏమిటో చూద్దాం. పెద్ద కిట్ 23 లీటర్లకి, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు ముప్ఫైకి. చిన్నది నాలుగున్నర లీటర్లకి, ఆరు సీసాలకి. పెట్టెలో మందపాటి సంచిలో చిక్కటి ద్రాక్షరసం ఉంటుంది. చవక కిట్లలో రసం బాగా చిక్కగా, తక్కువ పరిమాణంలో ఉంటుంది. నీళ్లు మనమే ఎక్కువ కలుపుకోవాలి. ఖరీదైన వాటిలో 14 నుంచి 18 లీటర్ల దాకా రసమే ఉంటుంది. దాంతోపాటు ఈస్ట్, బెంటొనైట్ అనే మట్టి, పొటాషియం మెటాబైసల్ఫైట్, పొటాషియం సార్బేట్, చివర్లో తేర్చడానికి ఒకటో రెండో చిన్న సాషేలు. ఎర్ర వైన్లలో ఓక్ చెక్కపొట్టు కూడా పెడతారు. స్క్వాషులు, జ్యూసులు పట్టే అలవాటున్నవాళ్లకి ఈ మెటాబైసల్ఫైట్ కొత్తది కాదు, వాళ్లు కేఎంఎస్ అనేది దీన్నే.

తొలిసారి చిన్న కిట్టే కొనండి. డబ్బు మిగులుతుందని కాదు, నాలుగున్నర లీటర్ల జాడీని చల్లగా ఉంచడం తేలిక. పెద్ద కిట్ కొని సగం వాడి సగం దాచుకుందామనుకోకండి. సంచి విప్పాక రసం నిలవదు, పొట్లాలన్నీ 23 లీటర్ల లెక్కకి తూచినవి.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. ఏడాది దాటిన రసం, అదీ వేడి గోదాముల్లో మగ్గినది, మొదటిరోజే గోధుమ రంగులో ఉంటుంది. ఎన్ని నెలలు ఆగినా ఆ ఎండుద్రాక్ష వాసన పోదు. సంచి ఉబ్బి ఉంటే లోపల అప్పుడే పులవడం మొదలైనట్టు, వెనక్కి ఇచ్చేయండి. ఏప్రిల్, మే నెలల్లో పార్సిల్ తెప్పించకపోవడమే మంచిది. ఎప్పుడు తెచ్చుకున్నా ఈస్ట్ సాషేని మాత్రం వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.

సామాన్లు

ఇక్కణ్ణుంచి కొలతలు పెద్ద కిట్‌వి, చిన్నదానికి దాని పుస్తకంలోని కొలతలు చూసుకోండి. 23 లీటర్ల కిట్‌కి 30 లీటర్ల బకెట్ కావాలి, ఆహారానికి వాడదగ్గ ప్లాస్టిక్‌ది, గట్టి మూతతో. 25 లీటర్లది సరిపోతుందిలే అనుకుంటే రెండోరోజు నురుగు మూత తోసుకుని నేల మీదికి వస్తుంది. ఆ వెనకే చీమలు. రెండో దశలో, అంటే జోరు తగ్గాక రసాన్ని మార్చడానికి, 23 లీటర్ల కార్బాయ్, అంటే సన్న మెడ ఉన్న పెద్ద సీసా, గాజుది గానీ పెట్ ప్లాస్టిక్‌ది గానీ. 20 లీటర్ల వాటర్ క్యాన్లు చవగ్గా దొరుకుతాయి గానీ వాటితో రెండు ఇబ్బందులు. మూడు లీటర్లు మిగిలిపోతుంది. ఇంటింటికీ తిరిగి వచ్చిన క్యాన్ లోపల గీతలు పడి ఉంటాయి, ఆ గీతల్లో చేరిన క్రిములు ఏ ద్రావణానికీ లొంగవు. ఆవకాయ జాడీ వద్దే వద్దు. ఎంత కడిగినా ఆవపిండి, ఇంగువ వాసన జాడీ మెరుపు పూతలోకి ఇంకి ఉంటుంది, వైన్ దాన్ని లాగేస్తుంది.

ఇవి కాక రబ్బరు బిరడా, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని నీళ్లలోంచి బయటికి వదిలి, బయటి గాలిని ఆపే చిన్న గొట్టం), హైడ్రోమీటర్ (నీళ్లని 1.000గా పెట్టుకుని రసం ఎంత చిక్కనో చెప్పే తేలే గాజు పుల్ల), దానికో పొడవాటి గాజు గొట్టం, థర్మామీటర్, పొడుగు ప్లాస్టిక్ గరిటె, పై పాత్రలోంచి కింది పాత్రలోకి రసం దించే సైఫన్ పైపు, లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లది. 0.1 గ్రాము దాకా చూపించే చిన్న తూకం ఉంటే మేలు.

హైడ్రోమీటర్ దొరకలేదని పాలు చూసే లాక్టోమీటర్‌తో సరిపెడదామంటే కుదరదు. దాని మీద గీతలు 1.000 నుంచి 1.040 దాకానే ఉంటాయి. వైన్ రసం మొదట్లో 1.080 పైన ఉంటుంది, చివర్లో 1.000 కంటే కిందికి దిగుతుంది. మొదలూ తుదీ రెండూ దానికి అందవు.

శుభ్రం

కడగడం వేరు, క్రిములు లేకుండా చేయడం వేరు. ముందు కడగాలి. వాసన ఉన్న గిన్నెల సబ్బు వాడొద్దు, ప్లాస్టిక్ ఆ వాసన పట్టుకుంటుంది. గోరువెచ్చటి నీళ్లలో కాస్త చాకలి సోడా కలిపి మెత్తటి గుడ్డతో తుడిచి బాగా కడిగేస్తే చాలు. పీచు, స్టీలు స్క్రబ్బర్ తగలకూడదు. బ్లీచింగ్ జోలికి పోవద్దు. క్లోరిన్ అవశేషం వైన్‌లోని పదార్థాలతో కలిసి తడి అట్టపెట్టె వాసన, మందుల వాసన తెస్తుంది.

తర్వాత ద్రావణం. 4 లీటర్ల నీళ్లలో 50 గ్రాముల కేఎంఎస్ కలపండి. అన్ని సామాన్లూ, బకెట్ లోపలి గోడలూ, మూతా తడిసేలా తిప్పి కొన్ని నిమిషాలు ఉంచి, తాగే నీళ్లతో కడిగి ఒంపేయండి. దీని వాయువు ఘాటుగా ఉంటుంది, కిటికీ తీసి ఉంచండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఈ పని బాల్కనీలో చేయండి. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన, కడగక్కర్లేని శానిటైజర్ దొరికితే ఇంకా సుఖం: లీటరుకి 1.5 మిల్లీలీటర్లు, రెండు నిమిషాలు తడిగా ఉంటే చాలు. దాని నురుగు మిగిలినా హాని లేదు.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే. కార్పొరేషన్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మరగబెట్టి చల్లారిస్తే పోతుంది. సముద్రం దగ్గరి వీధుల్లో ఉప్పు తగిలే బోరు నీళ్లు పనికిరావు. ఇనుము ఉన్న నీళ్లయితే వైన్ మబ్బుగా మారుతుంది. ఆర్‌ఓ నీళ్లు నిశ్చింతగా వాడొచ్చు, ఈస్ట్‌కి కావలసిన లవణాలు చిక్కటి రసంలోనే ఉన్నాయి.

మొదటిరోజు

బకెట్‌లో 2 లీటర్ల వేడినీళ్లు పోసి బెంటొనైట్ జల్లుతూ గరిటెతో తిప్పండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండకడుతుంది. దాని మీద రసం పోయండి. సంచి అడుగున అంటుకున్నదాన్ని లీటరు వేడినీళ్లతో తొలిచి అదీ పోయండి, చక్కెరలో మంచి భాగం అక్కడే ఉంటుంది. మిగతాది చల్లటి నీళ్లతో 23 లీటర్ల గీత దాకా నింపండి. విశాఖలో ఈ చివరి నీళ్లని ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. వేడినీళ్లు, గదిలో మగ్గిన రసం, కుళాయి వేడి కలిస్తే మొదలే 33 దగ్గర ఉంటుంది. 22, 23 దగ్గర మొదలైతే తర్వాత పాట్లు సగం తగ్గుతాయి.

ఘాటు రావాలని 23 బదులు 20 లీటర్లకే ఆపేసేవాళ్లున్నారు. మద్యం శాతం కాస్త పెరుగుతుంది నిజమే, దాంతోపాటు పులుపూ వగరూ పెరుగుతాయి. నోట్లో పెట్టుకుంటే పదునుగా తగులుతుంది. కిట్ తయారుచేసినవాళ్ల లెక్కని తొలిసారి నమ్మండి.

ఇప్పుడు రెండు నిమిషాల పాటు గరిటె బకెట్ అడుగుని తాకేలా గట్టిగా తిప్పండి. చిక్కటి రసం అడుగున, నీళ్లు పైన విడిగా ఉండిపోతే హైడ్రోమీటర్ తప్పు చెబుతుంది. గాజు గొట్టంలో రసం నింపి హైడ్రోమీటర్ వదిలి, వేళ్లతో ఒకసారి గిర్రున తిప్పండి. దానికి అంటుకున్న గాలి బుడగలు రాలిపోతాయి. బుడగ ఉంటే అది తేలి ఎక్కువ చూపిస్తుంది. కళ్లు ద్రవం మట్టానికి వంచి, గాజు అంచున పైకి పాకిన గీత కాకుండా మధ్యలోని మట్టం దగ్గరి అంకె చదవండి. చాలా హైడ్రోమీటర్లు 20 డిగ్రీల దగ్గర సరిచూసినవి. 30 డిగ్రీల రసంలో 0.002 నుంచి 0.003 తక్కువ చూపిస్తాయి. అక్కడ 1.082 కనిపిస్తే అసలు 1.085 దగ్గర అన్నమాట. ఈ అంకె కాగితం మీద రాసి బకెట్‌కి అంటించండి. చివర్లో మద్యం శాతం కట్టేది దీంతోనే: మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131.25తో హెచ్చవేయాలి. 1.085 దగ్గర మొదలై 0.995 దగ్గర ఆగితే తేడా 0.090, అంటే సుమారు 11.8 శాతం.

ఈస్ట్ వేయడం పాలు తోడుపెట్టడం లాంటిదే, మరీ వేడిలో వేస్తే చస్తుంది, మరీ చల్లగా ఉంటే కదలదు. పొడి పొడిగానే రసం మీద జల్లమని కిట్ చెబితే జల్లేయండి. తడిపి వేయాలనుకుంటే 5 గ్రాములకి 50 మిల్లీలీటర్ల నీళ్లు, 35 నుంచి 40 డిగ్రీల మధ్య, పదిహేను నిమిషాలు. తర్వాత దానిలో రెండు మూడు చెంచాల చల్లటి రసం కొద్దికొద్దిగా కలిపి, బకెట్‌లోని రసానికీ దీనికీ వేడిలో తేడా పది డిగ్రీల లోపుకి తెచ్చాకే బకెట్‌లో పోయాలి.

కిట్లలో ఎక్కువగా వచ్చే లాల్విన్ ఈసీ-1118 ఈస్ట్ 10 నుంచి 30 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. కే1-వీ1116 రకం 35 దాకా తట్టుకుంటుంది. వేసవిలో తప్పదనుకుంటే కిట్ ఈస్ట్ పక్కనపెట్టి ఇది వాడడం తెలివైన పని. తట్టుకుంటుంది అంటే బతుకుతుందని మాత్రమే. రుచి బాగుంటుందని కాదు.

వేడి

పులిసేటప్పుడు రసం తనే వేడెక్కుతుంది. 23 లీటర్ల బకెట్ జోరు మీద ఉన్నప్పుడు గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండడం మామూలే. గది 31 అయితే బకెట్ లోపల 35. అంత వేడిలో ఈస్ట్ హడావుడిగా చక్కెర తిని, గొంతులో మండే బరువైన ఆల్కహాల్లు వదులుతుంది, పళ్ల వాసనంతా గ్యాస్‌తోపాటు ఎగిరిపోతుంది. ఇంకాస్త పెరిగితే చక్కెర మిగిలి ఉండగానే ఈస్ట్ చస్తుంది. మూడు రోజుల్లో పులవడం అయిపోయిందని సంతోషించే బ్యాచ్‌లు చాలావరకు ఇవే. గది గోడకి వేలాడే థర్మామీటర్ చూసి లాభం లేదు. బకెట్ పక్కకి అంటించే స్టికర్ థర్మామీటర్ చూడండి.

తడి తువ్వాలు చుట్టి ఫ్యాన్ పెట్టమని చాలాచోట్ల రాస్తారు. హైదరాబాద్ ఏప్రిల్ ఎండుగాలికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇక్కడ చేయదు. గాలిలో తేమ 75 శాతం ఉన్నప్పుడు 33 డిగ్రీల గదిలో తడిగుడ్డ ఎంత ఆరినా 29 కంటే కిందికి దిగే వీలే లేదు. లోపల్నుంచి వేడి పుడుతుంటే ఒకటి రెండు డిగ్రీలు తగ్గడమే గొప్ప. ఎయిర్ కూలర్‌దీ అదే కథ.

పనిచేసేది ఐసు. బకెట్‌ని పెద్ద ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, చుట్టూ 20 లీటర్ల నీళ్లు పోయండి. లీటరు సీసాల్లో మెడ దగ్గర రెండు వేళ్లు ఖాళీ వదిలి నీళ్లు నింపి గడ్డకట్టించండి. ఉదయం రెండు, రాత్రి రెండు టబ్బులో వేయాలి, పొద్దుటివి తీసి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టాలి. 23 లీటర్ల రసం, 20 లీటర్ల నీళ్లు కలిసి ఉన్నచోట రెండు కిలోల ఐసు కరిగితే మూడు నాలుగు డిగ్రీలు దిగుతుంది. గది 30 లోపుంటే బకెట్ 26, 27 దగ్గర నిలబెట్టడానికి ఇది చాలు. జోరు ఎక్కువగా ఉండే రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా మధ్యాహ్నం ఇంకో రెండు సీసాలు పడతాయి. టబ్బులో బకెట్ ఉంది కాబట్టి చీమల బాధ కూడా లేదు. ఏసీ గది ఉండి 24 దగ్గర పెట్టగలిగితే ఈ తంతేమీ అక్కర్లేదు, కరెంటు బిల్లు చూసుకోండి.

ఐసు పద్ధతిలో ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. బకెట్ ఒక్కసారి చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని ఎయిర్‌లాక్‌లోని నీళ్లని లోపలికి లాగుతుంది. ఎస్ ఆకారం ఎయిర్‌లాక్ అయితే గాలి బుడగలుగా లోపలికి వెళ్తుంది, నీళ్లు అక్కడే ఉంటాయి. మూడు ముక్కల రకం అయితే ఆ నీళ్లే వైన్‌లో పడతాయి. అందుకే ఎయిర్‌లాక్‌లో కుళాయి నీళ్లు కాకుండా కేఎంఎస్ ద్రావణం పోసి, సగం దాకానే నింపండి.

అన్నిటికంటే సులువు, మంచి నెల చూసి మొదలుపెట్టడం. డిసెంబరు మధ్యలో మొదలైన బ్యాచ్ జనవరి చివరికి సీసాల్లోకి వెళ్తుంది, ఐసు దాదాపు అక్కర్లేదు. అక్టోబరులో కాస్త చల్లబడిందని తొందరపడేవాళ్లు తుపాన్ల సంగతి గుర్తుంచుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే ఏసీ లేదు, ఐసూ లేదు.

పులుస్తున్నప్పుడు, ఆ తర్వాత

ఒకటి రెండు రోజుల్లో నురుగు, బుసబుసలు మొదలవుతాయి. ఎయిర్‌లాక్ బుడగలు వేయట్లేదని కంగారుపడి రెండో ఈస్ట్ పొట్లం వేసేస్తుంటారు. బకెట్ మూత పక్కనుంచి గ్యాస్ పోతున్నా బుడగలు రావు. హైడ్రోమీటర్ పెట్టి అంకె దిగుతోందా చూడండి. 48 గంటలు దాటినా అంకె కదలకపోతే అప్పుడు కొత్త ఈస్ట్.

ఐదు నుంచి ఏడు రోజుల్లో 1.010 దగ్గరికి వస్తుంది. అప్పుడు సైఫన్‌తో కార్బాయ్‌లోకి మార్చాలి. రెండు వారాలు బకెట్‌లోనే ఉంచమనే కిట్లూ ఉన్నాయి, మీ పుస్తకం ఎలా చెబితే అలా. బకెట్ డైనింగ్ టేబుల్ మీద, కార్బాయ్ నేల మీద ఉంటే ఎత్తు సరిపోతుంది. పైపుని నోటితో పీల్చొద్దు, పైపు నిండా నీళ్లు నింపి మొదలుపెట్టండి లేదా చేత్తో పంపు కొట్టే సైఫన్ కొనండి. పైపు చివర కార్బాయ్ అడుగుకి ఆనాలి. పైనుంచి ధారగా పడితే గాలి కలిసి వైన్ పాడవుతుంది. అడుగు మడ్డి కోసం ఆశపడకండి, రెండు సెంటీమీటర్లు వదిలేయండి.

మార్చాక కార్బాయ్ మెడ దాకా నిండాలి. ఖాళీ చోటులో గాలి ఉంటే వారంలో తెల్లటి పొర కడుతుంది. నీళ్లు పోసి నింపితే పలచబడుతుంది. అలాంటి వైనే ఓ సీసా కొని పోయడం ఒక దారి. శుభ్రం చేసిన గాజు గోళీలు వేసి మట్టం పైకి తేవడం ఇంకోటి, ఖర్చు లేనిది.

పులవడం అయిపోయిందని తేల్చేది క్యాలెండర్ కాదు. 0.996 లేదా అంతకంటే కింద, వరసగా మూడు రోజులు అదే అంకె వస్తే అయిపోయినట్టు. 1.020 దగ్గర ఆగిపోతే సగం దారిలో ఉన్నట్టే. అలాంటిదాన్ని సీసాల్లో పోస్తే నెలకో రెణ్ణెల్లకో సీసా పేలుతుంది. సార్బేట్ వేస్తే పులవడం ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. పనిలో ఉన్న ఈస్ట్‌ని సార్బేట్ ఆపలేదు. పని అయిపోయాక మిగిలిన కొద్ది ఈస్ట్ మళ్లీ పెరగకుండా మాత్రమే అది కాపాడుతుంది.

ఆ తర్వాత గ్యాస్ తీయాలి. విశాఖ వేడి మనకి కలిసొచ్చేది ఈ ఒక్క మెట్టులోనే. చల్లటి వైన్‌లో కార్బన్ డయాక్సైడ్ బిగుసుకుని ఉంటుంది, 25, 26 డిగ్రీల దగ్గర తేలిగ్గా వదులుతుంది. ఐసు తీసేసి గరిటెతో ఐదేసి నిమిషాలు, రోజులో నాలుగైదుసార్లు తిప్పండి. గాజు గొట్టంలో సగం వైన్ పోసి అరచేత్తో మూసి గట్టిగా కుదిపి చేయి తీయండి. తుస్సుమంటే ఇంకా గ్యాస్ ఉంది. ఇది సరిగ్గా తీయకపోతే తర్వాత ఎన్ని పొడులు వేసినా వైన్ తేరదు, సన్నటి బుడగలు మడ్డిని మళ్లీ పైకి లేపుతూనే ఉంటాయి.

కేఎంఎస్, సార్బేట్ పొట్లాలని అరకప్పు నీళ్లలో విడివిడిగా కరిగించి కలపండి. పొట్లం పోయిందనుకుంటే 23 లీటర్లకి ఒకటిన్నర గ్రాముల కేఎంఎస్, అంటే పావు టీస్పూను. చారెడు వేస్తే అగ్గిపుల్ల గీసిన వాసన కొడుతుంది. తర్వాత తేర్చే సాషేలు. శాకాహారులు వీటి పేర్లు చదివి వేయాలి. ఐసింగ్లాస్ చేప తిత్తి నుంచి తీసేది, కైటోసాన్ సాధారణంగా రొయ్య, పీత పెంకుల నుంచి వచ్చేది. రొయ్యలు పడనివాళ్లు కూడా జాగ్రత్త. అవి వేయకుండా ఓపిగ్గా నెల రెండు నెలలు వదిలేసినా వైన్ చాలావరకు తనే తేరుతుంది. బెంటొనైట్ మట్టే కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు.

పది పధ్నాలుగు రోజులు కదపకుండా ఉంచాక, చీకట్లో కార్బాయ్ వెనకనుంచి ఫోన్ టార్చి వేయండి. వెలుగు పొగమంచులో గీతలా కనిపిస్తే ఇంకా ఆగాలి. ఎర్ర వైన్ అయితే చిన్న గాజు గ్లాసులోకి తీసి చూడాలి.

సీసాలకి కార్క్ కొట్టే మెషిన్ కొనడం ఇష్టం లేకపోతే మరమూత సీసాలు వాడండి, మూత లోపలి పొర చిరగకుండా ఉండాలి. పాత మూతే మళ్లీ వాడితే గాలి దూరుతుంది. కార్క్ వేస్తే మూడు నుంచి ఐదు రోజులు నిలబెట్టి, తర్వాత పడుకోబెట్టండి. సీసా మీద రకం, తేదీ, హైడ్రోమీటర్ చివరి అంకె రాయడం మర్చిపోవద్దు.

పెద్ద ఎర్ర వైన్ కిట్లు ఆరు నెలలు, ఏడాది ఆగితే బాగుంటాయని పెట్టె మీద రాసి ఉంటుంది. ఆ ఆరు నెలల మధ్యలో విశాఖ వేసవి ఉంది. బీరువా అడుగు అరలో కూడా 30 దాటుతుంది, వైన్ ముదరదు, ఉడుకుతుంది. ఫ్రిజ్ అడుగు అరలో పట్టేటన్ని సీసాలే చేసుకోండి. చిన్న కిట్ కొనమన్నది ఇందుకు కూడా. తేలిక తెల్ల వైన్లు రెండు మూడు నెలలకే తాగేలా ఉంటాయి, ఇక్కడివాళ్లకి అవే నప్పుతాయి. క్రిస్మస్‌కి కావాలనుకునేవాళ్లు డిసెంబరు మొదట్లో మొదలుపెడితే ఆ క్రిస్మస్‌కి అందదు.

ముక్కు చెప్పేవి

కుళ్లిన గుడ్డు వాసన: ఈస్ట్‌కి పోషకం చాలలేదు లేదా వేడి ఎక్కువైంది. మొదటి మూడు రోజుల్లో వస్తే డీఏపీ అనే ఈస్ట్ ఆహారం కొంచెం వేసి తిప్పితే సర్దుకుంటుంది. ఎరువుల దుకాణంలో అమ్మే డీఏపీ కాదు, ఆహారానికి వాడేదే. పులవడం అయ్యాక వస్తే ఒకసారి గాలి తగిలేలా మార్చి చూడండి.

గోళ్ల రంగు తీసే ద్రవం వాసన, దానివెంట ముక్కుకి గుచ్చే పులుపు: గాలితోపాటు వెనిగర్ చేసే క్రిమి చేరింది. దాన్ని మోసుకొచ్చేది అరటిపళ్ల మీద ముసిరే సన్నటి ఈగ. ఒక్క ఈగ ఎయిర్‌లాక్‌లో పడినా వైన్ ఉన్నవైపుకి చేరకూడదు, అందుకే ఆ కేఎంఎస్ ద్రావణం. అరటి గెల వేలాడదీసిన గదిలో బకెట్ పెట్టొద్దు.

బాదం, ఎండుఖర్జూరం కలిసిన వాసన, రంగు గోధుమగా మారడం: గాలి తగిలి పాతబడింది. దీనికి మందు లేదు.

మిథనాల్ భయం గురించి అడిగేవాళ్లుంటారు. ద్రాక్షరసం ఈస్ట్‌తో పులిస్తే వచ్చే మిథనాల్ అతి స్వల్పం. కల్తీసారా మరణాలకి కారణం ఫ్యాక్టరీ మిథనాల్ కలపడం. చెడిపోయిన వైన్‌ని కాచి సారా దించుదామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి, చాలా దేశాల్లో ఇంటి వైన్‌కి ఉన్న వెసులుబాటు దానికి లేదు.

వెనిగర్‌గా మారిన బ్యాచ్‌ని పారబోయక్కర్లేదు, సలాడ్లకి వాడుకోవచ్చు. అది పులిసిన బకెట్, పైపు, బిరడా మాత్రం మళ్లీ వైన్‌కి పెట్టొద్దు. గాజు కార్బాయ్‌ని బాగా కడిగి ద్రావణంతో తడిపి మళ్లీ వాడొచ్చు. ప్లాస్టిక్ సామాను మేడ మీద మొక్కలకి నీళ్లు పట్టుకోవడానికి ఇచ్చేయండి.